కొలత కుదరని తొడుగు

లోకమున సిగ్గుపడదగిన పనులు కొన్ని, సిగ్గుపడరాని పనులు కొన్ని యుండును. మనవారు ఈ రెంటిని తారుమారు చేసికొన్నారు. కట్నము లెక్కపెట్టి పుచ్చుకొనునపుడు పదుగురిలో గొంతెత్తి మాటాడుదురు. దేహధర్మమును గూర్చి వైద్యుని యెదుట నొంటరిగా కూర్చున్నపుడు మాత్రము వారికి గొంతు పెగలదు. ఈ తారుమారువలన మన యిండ్లకు కలుగుచున్న నష్టములలో నొకదానిని ఈ నెల చర్చింపదలచితిమి. అది కండోమను రబ్బరు తొడుగును గూర్చినది. అందును దాని కొలతను గూర్చినది. ఈ మాట చూడగానే పత్రికను మూసివైచువారు కొందరుందురని యెరుగుదుము. వారిని మేము కోరునది యొక్కటే: చివరివరకు చదివి పిమ్మట మూయుడు. భర్త చదివి భార్య కిచ్చినను, భార్య చదివి భర్త కిచ్చినను మాకు సమ్మతమే. ఇద్దరును కలిసి చదివిన మరింత మంచిది.

ఇట్టి విషయములు వ్రాయుట మన దేశమునకు క్రొత్త కాదు. రఘునాథ ధోండో కర్వేగారు 1921లో బొంబాయి నగరమున సంతాననిరోధమునకై వైద్యశాలను తెరచిరి. అందుకు ఫలముగా కళాశాలలోని యుద్యోగమును పోగొట్టుకొనిరి. 1927 నుండి 1953లో తాము మరణించువరకు 'సమాజస్వాస్థ్య' మను మాసపత్రికను నడపిరి. అశ్లీలమని ప్రభుత్వము వారిపై అభియోగము తెచ్చినపుడు 1934లో న్యాయస్థానమున వారి పక్షమున వాదించినవారు డాక్టరు అంబేడ్కరుగారు. మన సీమలో సైతము ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలోను, 1931లో మన నల్లగొండజిల్లా దేవరకొండలోను కూడినపుడు స్త్రీవిద్యను, బాల్యవివాహములను గూర్చి మాటాడిన పెద్దలకు ధర్మభ్రష్టులను బిరుదు తప్పలేదు. పాలమూరి బిడ్డడైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండపత్రికను స్థాపించినపుడు ఈ ప్రాంతమున తెలుగు పత్రికను కొని చదువుటయే యొక సాహసము. ఆనాటి వారికి గిట్టని సంగతులన్నియు నేడు మన కింటిమాటలైనవి. నేడు మనకు గిట్టనిది రేపు మన మనుమల కింటిమాట కాగలదు. అంతవరకు ఎందరు బాధపడవలయునన్నదే ప్రశ్న.

మొదట బరువు ఎవరి మీద నున్నదో చూతము. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి తెలంగాణమున వివాహితులైన స్త్రీలలో నూటికి అరువదిమందికి పైగా గర్భనిరోధ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. దేశము మొత్తముమీద ఈ సంఖ్య నూటికి 37.9. పురుషుల శస్త్రచికిత్స దేశమున నూటికి 0.3 మాత్రమే. కండోము వాడు దంపతులు దేశమున నూటికి 9.5 మంది యుండగా, మన తెలుగునాట నూటికి ఒకరిద్దరికి మించరు. అనగా మన యిండ్లలో కుటుంబనియంత్రణ యనగా ఆడుదాని కడుపు కోయించుటయే. పాతికేండ్లు నిండకమునుపే ఆస్పత్రి బల్లమీద పరుండిన స్త్రీలు మన పల్లెలలో ఎందరో! ఇరువదవ యేట పెండ్లి, ఇరువదిమూడవ యేట రెండవ కాన్పు, ఆ కాన్పుతోనే ఆపరేషను. ఇది మన స్త్రీల యౌవనచరిత్రము. అదే సర్వేలో గర్భనిరోధము ఆడవారి పని, మగవాడు దానిని పట్టించుకొన నక్కరలేదని చెప్పిన పురుషులు దేశమున నూటికి ముప్పదియైదుగురు.

దీనికి కారణమేమని యడిగినచో ఉపన్యాసకులు వెంటనే మగవాని బాధ్యతారాహిత్యమని చెప్పుదురు. ఈ మాట సగము నిజము. మగవానికి అలసత్వమున్నది, పెత్తనమున్నది, నొప్పి తనది కానపుడు నిర్లక్ష్యమున్నది. దానిని మేము కాదనము. కాని మిగిలిన సగమును ఎవరును చెప్పుట లేదు. ఆ సగమును చెప్పుటకే ఈ వ్యాసము. మగవాని చేతికి మన మిచ్చిన వస్తువు అనేకులకు కొలత కుదరనిది. కుదరని దానిని తొడిగికొని బాధపడినవాడు రెండవమారు తొడుగడు. తొడుగనివాడు ఏల తొడుగలేదో చెప్పడు. చెప్పనివానిని మనము బాధ్యత లేనివాడందుము. ఇక ఆపరేషను బల్లమీదికి పోవునది భార్య. ఈ గొలుసులో మొదటి కొక్కెము చాల చిన్నది: కొన్ని మిల్లీమీటర్ల తేడా.

ఈ వస్తువు మనకు వచ్చిన విధమును కొంచెము తెలిసికొనవలయును. ఇటలీదేశపు వైద్యుడు ఫల్లోపియో సవాయిరోగమునుండి కాపాడుకొనుటకు నారబట్ట తొడుగును గూర్చి వ్రాసిన గ్రంథము 1564లో వెలువడినది. పందొమ్మిదవ శతాబ్దమున రబ్బరును గంధకముతో ఉడికించి గట్టిపరచు పద్ధతి తెలియగానే రబ్బరు తొడుగులు పుట్టినవి. 1920 ప్రాంతములలో పలుచని లేటెక్సు తొడుగులు వచ్చినవి. భారతప్రభుత్వము 1968లో 'నిరోధ్' అను పేర దీనిని దేశమంతట అమ్మించుటకు పూనుకొన్నది. మూడింటికి పదునైదు పైసలు వెల. సబ్బులు, టీపొడి, బ్యాటరీలు అమ్ము పెద్ద కంపెనీలచేత కిరాణాకొట్లకు చేరవేయించిరి. హిందూస్థాన్ లేటెక్సు అను ప్రభుత్వసంస్థ 1966లో ఏర్పడి, జపానుదేశపు ఒకామోటో సంస్థ సహకారముతో 1969లో తిరువనంతపురము చెంత పేరూర్కడలో ఉత్పత్తి ప్రారంభించినది. ఇది గొప్ప పని. మేము దీనిని మెచ్చుకొందుము. మారుమూల గ్రామమున బీదవానికి అయిదు పైసలకు రక్షణ దొరకుట సామాన్యము కాదు.

కాని ఆ పనిలో నొక లోపము మొదటినుండియు నున్నది. లెక్క యంతయు ఎన్ని పంచితిమి అనుటయే కాని, ఎన్ని వాడిరి, వాడినవారికి కుదిరినదా అను విచారణ లేదు. పేరులోనే ఆ ధోరణి కనబడుచున్నది. నిరోధమనగా అడ్డగించుట. పతంజలి మహర్షి యోగమును నిర్వచించిన సూత్రమునందలి మాటయే యిది. చిత్తవృత్తులకు సరిపోయిన మాటను దంపతుల పడకగదికి తెచ్చిరి! అడ్డగించుట యను తలపుతో ఇచ్చినవానికి సుఖమను తలపు రాదు. సుఖమును తలపనివానికి కొలత తట్టదు.

మన పూర్వులకు మాత్రము ఈ సంగతి తట్టకపోలేదు. వాత్స్యాయనుడు కామసూత్రములలో సాంప్రయోగికాధికరణమును పరిమాణభేదముతోనే ప్రారంభించినాడు. పురుషులను శశము, వృషము, అశ్వము అని మూడు తెగలుగా విభజించినాడు. స్త్రీలను మృగి, బడబ, హస్తిని యని విభజించి, సమరతములు మూడు, విషమరతములు ఆరు అని లెక్కకట్టినాడు. ఆ విభాగమును శాస్త్రప్రమాణముగా నేడు మనము గ్రహింప నక్కరలేదు. కాని మగవారందరు ఒక్క పోత పోసినవారు కారను సామాన్యసత్యమును దాదాపు పదునేడు పదునెనిమిది శతాబ్దములకు పూర్వమే సంస్కృతమున నిస్సంకోచముగా వ్రాసినారు. ప్రాచీన సంస్కృతి పేరు చెప్పి ఈ చర్చను అడ్డగించువారు ఆ ప్రాచీన గ్రంథమును ఒకమారు విప్పి చూచిన బాగుండును. ఋషి మూడు కొలతలు చెప్పెను. మన మందులకొట్టువాడు ఒక్కటే కొలత యిచ్చుచున్నాడు. ఎవరు వెనుకబడినవారు?

ఇక కొలతల శాస్త్రమును చూతము. కండోమును బల్లమీద చదునుగా పరచి కొలిచిన అడ్డుకొలతను దాని వెడల్పు అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమములలో ముఖ్యముగా 49 మిల్లీమీటర్లు, 53 మిల్లీమీటర్లు అను రెండు వెడల్పులున్నవి. చదును వెడల్పు 53 ఐనచో చుట్టుకొలత దానికి రెట్టింపు, అనగా 106 మిల్లీమీటర్లు. 2015లో ప్రకటితమైన యొక ఆంగ్ల పరిశీలన పలుదేశములలో కొలిచిన 15,521 మంది పురుషుల లెక్కలను కూర్చి, స్తంభించిన అంగము యొక్క సగటు చుట్టుకొలత 11.66 సెంటీమీటర్లని తేల్చినది. సగటు మనుష్యునికి 53 వెడల్పు తొడుగు పదవవంతు సాగి చక్కగా పట్టుకొనును. కాని సగటు మనుష్యుడు లెక్కలలోనే యుండును. చుట్టుకొలత 100 మిల్లీమీటర్లు గలవానికి అదే తొడుగు వదులై జారును. 49 వెడల్పుది ఐనచో పట్టుకొనును. 130 మిల్లీమీటర్లు గలవానికి 53 వెడల్పుది దాదాపు నాలుగవవంతు సాగి బిగుసుకొనును. మొదటనున్న ఉంగరము నరములను నొక్కును. ఈ మువ్వురికిని ఒకే తొడుగిచ్చి, మువ్వురును సంతోషింపవలయునని కోరుట న్యాయమా?

భారతీయ వైద్యపరిశోధనా మండలి ఈ విషయమున నొక పరిశీలన జరిపినది. దేశము నలుమూలలనుండి 1,200 మందికి పైగా పురుషులను కొలిచి చూచిరి. నూటికి అరువదిమందికి అంతర్జాతీయ ప్రమాణమున చేసిన తొడుగులు మూడునుండి అయిదు సెంటీమీటర్లు పొడవెక్కువని 2006 డిసెంబరులో వార్త వెలువడినది. అంతట దేశమేమి చేసినది? నవ్వినది. విదేశపత్రికలు నవ్వినవి, స్వదేశపత్రికలు నొచ్చుకొన్నవి. పౌరుషమునకు భంగము కలిగినట్లు కొందరు వాపోయిరి. ఆ పరిశీలనలోని ఆరోగ్యసూచన నవ్వులో కొట్టుకొనిపోయినది. వాస్తవముగా పొడవు ఎక్కువైనచో పెద్ద హాని లేదు. మిగిలినది మొదట చుట్టుకొనియే యుండును. చిక్కంతయు చుట్టుకొలతలోనున్నది. కాని కొలత అనగానే పొడవును తలచి, పొడవు అనగానే మగతనమును తలచి, మగతనము అనగానే గర్వపడుటో సిగ్గుపడుటో చేయు జాతికి చుట్టుకొలత వినబడదు.

కొలత కుదరకున్న ఏమగును? అమెరికాదేశమున కిన్సీ సంస్థకు చెందిన పరిశోధకులు 436 మంది పురుషులను విచారించి 2010లో ఫలితములు ప్రకటించిరి. నూటికి దాదాపు నలువదియైదుగురు తమకు తొడుగు కుదరలేదనిరి. కుదరనివారికి, కుదిరినవారికన్న, తొడుగు చినుగుటయు జారుటయు రెండున్నర రెట్లు అధికముగా నుండెను. చర్మము ఒరయుట, మంట పుట్టుట, స్తంభనము సడలుట, సుఖము తగ్గుట అధికముగా నుండెను. అన్నిటికన్న ముఖ్యము: పని ముగియకమునుపే తొడుగును తీసివైచినవారు వీరిలో నెక్కువ. తీసివైచిన పిదప రక్షణ యెక్కడిది? గర్భమునకు అడ్డు లేదు, రోగమునకు అడ్డు లేదు.

దీనివలన పురుషుని ఆరోగ్యమునకు కలుగు హాని దేహముతో ఆగదు. బిగుతు తొడుగువలన నొకనికి స్తంభనము సడలెననుకొనుడు. అది తొడుగు దోషమని అతనికి తెలియదు. తన దోషమనుకొనును. మరునాడు భయము; భయమువలన మరల సడలుట; దానివలన మరింత భయము. ఆలితో చెప్పలేడు, మిత్రునితో చెప్పలేడు. అపుడతనికి కనబడునది బస్సుస్టాండు గోడమీది కాగితము: నరముల బలహీనతకు గ్యారంటీ వైద్యము! నల్లగొండలో గాని మహబూబునగరమున గాని రైలుగట్టు ప్రక్క, మూత్రశాల గోడమీద, ఆటో వెనుక ఈ కాగితములు చూడనివారెవరు? లాడ్జిగదిలో కూర్చున్న పట్టభద్రుడుకాని వైద్యుడు వేలకు వేలు గుంజి, ఏమి కలిపినదో తెలియని లేహ్యము చేతబెట్టును. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు మారిన తీరిపోవు బాధకు బీదవాడు పంట అమ్మిన సొమ్ము ధారపోయును. మన జిల్లాలకు వైద్యులు లేరా? మహబూబునగరమున 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. సుఖరోగములకు ప్రభుత్వము నడపు సురక్షా క్లినిక్కులలో ఉచితముగా చూతురు. ఐనను వెలుగులోనున్న ఆస్పత్రికి పోవుటకు సిగ్గు. చీకటిలోనున్న లాడ్జికి పోవుటకు సిగ్గు లేదు.

మన జిల్లాల స్థితి మరియొక కారణముచే ఈ విషయమును తీవ్రము చేయుచున్నది. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట లేదు, త్రవ్వని కాలువ లేదు అని లోకోక్తి. కొంత తగ్గినను నేటికిని బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు నెలల తరబడి వలసపోవు కుటుంబములున్నవి. భార్యను ఊర విడిచి ఒంటరిగా పోవు మగవారును ఉన్నారు. హైదరాబాదునుండి బెజవాడకు పోవు రాజమార్గము చౌటుప్పల, నకిరేకల్లు, సూర్యాపేట, కోదాడలమీదుగా పోవుచున్నది. బెంగుళూరుకు పోవు మార్గము జడ్చర్ల, కొత్తకోట, ఆలంపురము చౌరస్తామీదుగా పోవుచున్నది. రాత్రింబవళ్లు లారీలు నడుపు డ్రైవర్లు, క్లీనర్లు ఈ దారులలో వేలమంది. దేశమున హెచ్.ఐ.వి. మొదట కనుగొనబడినది 1986లో, చెన్నపట్టణమున. 2021 నాటి అంచనాలలో పెద్దవారిలో ఆ వ్యాధి గలవారు దేశమున నూటికి 0.21 ఉండగా తెలంగాణమున అంతకు రెట్టింపు మించియున్నారు. ఇంటికి దూరమైన మగవాడు తప్పుదారి త్రొక్కవచ్చును, త్రొక్కకపోవచ్చును. త్రొక్కినవాని పాపమునకు ఊరనున్న భార్య ఏల శిక్ష అనుభవింపవలయును? అతని జేబులోని తొడుగు జారనిదై, చినుగనిదై యుండుట ఆ యిల్లాలి ప్రాణమునకు సంబంధించిన సంగతి.

ఈ శతాబ్దపు తొలి యేండ్లలో మన రాష్ట్రమంతట గోడలమీద పులిరాజా యను పేరు వెలసినది. పులిరాజాకు ఎయిడ్సు వచ్చునా యను ప్రశ్న పల్లెపల్లెకు పాకి, పిల్లల ఆటలలో సైతము చేరినది. భయము పుట్టించుటలో అది గెలిచినది. తొడుగు పేరును బయట పలికించినది. కాని పులిరాజాకు ఆ తొడుగు సరిపోయినదా యని ఎవరును అడుగలేదు. నేటి ప్రకటనల సంగతి మరియు విచిత్రము. వానిలో స్ట్రాబెర్రీ వాసనయున్నది, చాక్లెట్టు రుచియున్నది, చుక్కలున్నవి, గీతలున్నవి, సినిమా తారలున్నారు. లేనిది మిల్లీమీటరు ఒక్కటే. గాజుల మలారమువాడు ఇంటిముందు దిగినపుడు ముందుగా చేయిపట్టి చూచును. రెండు నాలుగా, రెండు ఆరా, రెండు ఎనిమిదా యని కొలత తేల్చిన పిదపనే రంగు అడుగును. ఎనిమిదేండ్ల పిల్ల చేతిగాజుకున్న మర్యాద ముప్పదియేండ్ల మగవాని ఆరోగ్యమునకు లేకపోయెను. 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వము కండోము ప్రకటనలను ఉదయము ఆరుగంటలనుండి రాత్రి పదిగంటలవరకు టెలివిజనులో చూపరాదని ఉత్తరువు చేసి, పిమ్మట అశ్లీలము లేని ఆరోగ్యప్రకటనలకు ఇది వర్తింపదని వివరించినది. రెచ్చగొట్టు ప్రకటనను అడ్డగించుట మంచిదే. కాని దాని స్థానమున కొలత నేర్పు ప్రకటన యొకటైనను పుట్టినదా?

ఇక ఆక్షేపణలను విచారింతము.

రబ్బరు సాగునుగదా, ఎవరికైనను సరిపోవును అని కొందరందురు. సాగుట వేరు, కుదురుట వేరు. లేటెక్సు తొడుగును చేతికి మోచేతివరకు తొడిగి చూపువారున్నారు. దానివలన అది చినుగదని తెలియును గాని నొప్పి కలుగదని తెలియదు. ఇరుకు చెప్పులో కాలు దూరును. దూరినంతమాత్రాన నాలుగు మైళ్లు నడువగలమా? పైగా సాగుటవలన బిగుతు కొంత తీరునేమో గాని వదులు తీరదు. వదులైనవానికి రబ్బరు సాగుటవలన లాభమేమి?

ఇట్టి మాటలు చెప్పిన యువకులు చెడిపోవుదురు అని మరికొందరందురు. మేము బడిలో పాఠములు చెప్పువారము. మా యెదుట కూర్చుండు పిల్లల జేబులలో ఫోనులున్నవి. ఆ ఫోనులలో ఏమున్నదో తల్లిదండ్రులకు తెలియకపోవచ్చును గాని మాకు తెలియును. పిల్లవాడు చెడుటకు వలసినదంతయు అతని కందుబాటులోనే యున్నది. అందనిది నిజము ఒక్కటే. 2007 ప్రాంతమున కొన్ని రాష్ట్రములు బడులలో కౌమారవిద్యను నిలిపివైచినవి. నిలిపినందువలన కౌమారము నిలువలేదు. అశ్లీలచిత్రములలో కనబడు నటులను చూచి, తాను వారివలె లేనని పదునారేండ్లకే క్రుంగిపోవు పిల్లవానికి, మనుష్యుల కొలతలు నానావిధములని, అందరును ఆరోగ్యవంతులే యని చెప్పువాడు అక్కరలేదా?

మగవారికి ఇది మంచి సాకు దొరకినది. కుదరలేదని చెప్పి తప్పించుకొందురు అని స్త్రీపక్షపాతులైన సోదరీమణులు కొందరనవచ్చును. ఈ ఆక్షేపణను మేము మిక్కిలి గౌరవింతుము. మా యుత్తరమిది: సాకును తీసివైచుటకే కొలత నడుగుచున్నాము. కుదిరిన తొడుగు అందుబాటులోనున్నపుడు కుదరలేదను మాట చెల్లదు. నాటినుండి వాడనివాడు నిజముగా బాధ్యత లేనివాడే; వానిని మీరు ఎంత మందలించినను మేము మీ పక్షమే.

బీదదేశమున ఉచితముగా ఇచ్చు వస్తువునకు నాలుగు కొలతలా యని లెక్కల అధికారులు అడుగుదురు. బడిపిల్లలకు ప్రభుత్వమిచ్చు యూనిఫారములు ఒకే కొలతతో కుట్టింతురా? 2011లో ఆశా కార్యకర్తలచేత ఇంటింటికి గర్భనిరోధక సాధనములు చేర్చు పథకమును ప్రారంభించినపుడు మూడు తొడుగుల పొట్లమునకు ఒక రూపాయి మాత్రమే పుచ్చుకొనిరి. ఆ చేతులమీదుగానే 49, 53, 56 వెడల్పుల పొట్లములు పోవచ్చును. వాడక పెంటకుప్పలో పడిన తొడుగు చౌకయైనను దండుగయే; వాడిన తొడుగు వెలగలదైనను లాభమే. ఒక్క ఆపరేషను ఖర్చు, ఒక్క రోగికి జీవితాంతము ఇయ్యవలసిన మందుల ఖర్చు లెక్కించి చూడుడు. అమెరికాలో 2017లో అరువది కొలతలతో తొడుగులు అమ్మజొచ్చిరి. మేము అరువది యడుగుట లేదు. మూడు నాలుగు ఐన చాలును.

ఇక గృహస్థులు చేయదగిన పనులు. కొలత తెలిసికొనుటకు వైద్యుడు అక్కరలేదు. ఒక దారము, ఒక స్కేలు చాలును. స్తంభించినపుడు మధ్యభాగమున దారము చుట్టి కొలువవలయును. ఆ చుట్టుకొలతలో సగముకన్న కొంచెము తక్కువగానున్న వెడల్పు తగినది. అనేకములైన పొట్లములమీద వెడల్పు మిల్లీమీటర్లలో అచ్చువేసి యుండును. చిన్న అక్షరములైనను వెదకి చదువవలయును. జారుచున్నచో చిన్నది, నొక్కుచున్నచో పెద్దది తీసికొనవలయును. చిన్నది అడుగుటకు నామోషీ పడరాదు. చెప్పులకొట్టులో ఏడవ నంబరు అడుగువాడు పదవ నంబరువానికన్న తక్కువ మగవాడా? మంట, దద్దురు పుట్టినచో లేటెక్సు పడలేదేమోనని వైద్యునికి చూపవలయును. లేటెక్సు కానివి కూడ దొరకును. పొడితనము బాధించినచో నీటితో చేసిన జిగురు వాడవచ్చును గాని, కొబ్బరినూనె, వేజలైను, వెన్న, నేయి తగిలించరాదు. నూనె తగిలిన లేటెక్సు త్వరలో పటుత్వము కోల్పోవును. ఒకటి మీద నొకటి రెండు తొడుగరాదు. కొన మునివ్రేళ్లతో నొక్కి గాలి తీసి, మొదలువరకు విప్పవలయును. ముగిసిన వెంటనే మొదట పట్టుకొని వెలికి తీయవలయును. మా ప్రాంతమున వేసవియెండ నలుబది డిగ్రీలు దాటును. లారీ ముందుపెట్టెలో, మోటారుసైకిలు డిక్కీలో, వెనుకజేబు పర్సులో నెలల తరబడి దాచిన తొడుగు ఆ యెండకు చెడును. నీడలో, చల్లనిచోట ఉంచవలయును. గడువు తేదీ చూచి వాడవలయును.

ఈ విషయమున ఇల్లాండ్రు కూడ మౌనము విడువవలయును. భర్త నొప్పియని చెప్పినచో నవ్వరాదు. తమకు మంట పుట్టినచో దాచరాదు. జారినదని, చినిగినదని తెలిసినచో ఇద్దరును కలిసి వైద్యుని చూడవలయును. మూడు దినములలోపల వాడదగిన అత్యవసర గర్భనిరోధక మాత్రలున్నవి, త్వరపడినకొలది వాని ఫలము అధికము. దంపతులు చీర కొన్నపుడు అంచు, పొడుగు, బరువు అన్నియు కలిసి విచారింతురు; గద్వాలచీర మడత విప్పి, వెలుతురులో పట్టి, పది చూచి ఒకటి కొందురు. ప్రాణమునకు, మానమునకు, సంతానమునకు సంబంధించిన వస్తువును మాత్రము మందులకొట్టువాడు నల్లసంచిలో చుట్టి యిచ్చినది తలవంచుకొని తెచ్చుకొందురు. ఈ తలవంపు పోవలయును.

ప్రభుత్వమునకు మా కోరికలు మూడు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో రెండుమూడు వెడల్పుల తొడుగులుంచి, పొట్లముమీద పెద్ద తెలుగు అక్షరములలో కొలత వేయింపుడు. ఎన్ని పంచితిరో కాదు, ఎన్ని కుదిరినవో లెక్క వేయుడు. మగవారితో మాటాడుటకు మగ ఆరోగ్యకార్యకర్తలను తీర్చిదిద్దుడు. ఆశా కార్యకర్త అయిన వదినమ్మను అడుగుటకు సిగ్గుపడువాడు వారిని అడుగగలడు.

చదువరులారా! తొంబదియేండ్లకు పూర్వము ఈ మట్టిమీద స్త్రీకి చదువేల యని అడిగినవారుండిరి. వారి మనుమరాండ్రే నేడు వైద్యకళాశాలలలో చదువుచున్నారు. నేడు తొడుగునకు కొలత యేల యని అడుగువారికి మనమియ్యదగిన ఉత్తరము వాదము కాదు, వాడుక. ఈ సాయంకాలము మందులకొట్టుకు పోయిన గృహస్థుడు తల యెత్తి, పదిమంది నిలిచియున్నను, నలుబదితొమ్మిదో, ఏబదిమూడో, ఏబదియారో తన కొలత చెప్పి అడిగినచో, మరునెల ఆ కొట్టువాడు ఆ కొలతలు తెప్పించి యుంచును. అడుగువాడు లేక అమ్మువాడు లేడు. పాతికేండ్లు నిండని ఒక యువతి ఆపరేషను బల్లమీదికి పోవుట తప్పించుటకు మగవాడు పలుకవలసినది ఒక్క సంఖ్య. ఆ సంఖ్యను పలుకుడు.